కోత ప్రకటించకుండానే సాగే కోత: ప్రభుత్వ పొదుపు విధానాలూ పేదల పింఛనూ

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకూ వితంతువులకూ ప్రభుత్వం ఇస్తున్న పింఛను నెలకు 4,000 రూపాయలు. దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు అందుతున్నాయి. ఇంత మొత్తం ఇచ్చే రాష్ట్రం దేశంలో మరొకటి దొరకడం కష్టం. ఒకటో తేదీ పొద్దున్నే గ్రామ సచివాలయ సిబ్బంది ఊళ్లలోకి వచ్చి, ఇంటి అరుగు మీదే వేలిముద్ర వేయించుకుని డబ్బు చేతికిస్తారు. ఇలాంటి రాష్ట్రంలో ప్రభుత్వ వ్యయ నియంత్రణ వల్ల పేదల సహాయం కుంచించుకుపోతోందని ఎవరైనా అంటే వినేవారికి అతిశయోక్తిగానే తోస్తుంది. అయినా సోమవారం నాడు తిరుపతి కలెక్టరేట్‌కో చిత్తూరు కలెక్టరేట్‌కో వెళ్లి, అర్జీలు పట్టుకుని నిలబడిన వరుసను చూస్తే అందులో పింఛను కోసం వచ్చినవారు తప్పక కనిపిస్తారు. ఒకరికి పేరు తొలగింది, ఇంకొకరికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రంలో వైకల్య శాతం తగ్గింది, మరొకరికి వయసు నిండి చాలాకాలమైనా మంజూరు కాలేదు. పింఛను మొత్తం పెరుగుతూ ఉండగా ఈ అర్జీలు ఎందుకు తగ్గడం లేదో అర్థం కావాలంటే, ప్రభుత్వాల పొదుపు ఏ దారిన పనిచేస్తుందో ముందు చూడాలి.

పొదుపు విధానాలు అన్న మాటకు రాజకీయ అర్థశాస్త్రంలో ఒక స్థిరమైన భావం ఉంది. ప్రభుత్వ ఆదాయానికీ ఖర్చుకూ మధ్య ఉన్న తేడాను, అంటే ద్రవ్యలోటును, పన్నులు పెంచడం కంటే ఖర్చు తగ్గించడం ద్వారానే పూడ్చాలని నిర్ణయించుకుని, దానికి చట్టం రూపంలోనో రుణదాతల షరతుల రూపంలోనో కట్టుబడి ఉండటాన్ని అలా అంటారు. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఐరోపాలో ఇది ప్రధాన విధానమైంది. గ్రీసులో 2010 నుంచి రుణదాతల షరతుల మేరకు వృద్ధుల పింఛన్లకు ఒకదాని వెంట ఒకటిగా కోతలు పడ్డాయి. బ్రిటన్‌లో 2010లో ఏర్పడిన సంకీర్ణ ప్రభుత్వం, ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ చేతుల మీదుగా, సంక్షేమ వ్యయాన్ని తగ్గించడమే తన ముఖ్య కార్యక్రమంగా పెట్టుకుంది.

ఆ బ్రిటన్ అనుభవంలో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. అక్కడ వృద్ధుల పింఛనుకు 2011 నుంచి మూడంచెల రక్షణ కల్పించారు: ధరల పెరుగుదల, వేతనాల పెరుగుదల, రెండున్నర శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే ఆ మేరకు పింఛను ఏటా పెరుగుతుంది. అదే సమయంలో పనిచేసే వయసులో ఉన్న పేదలకిచ్చే సహాయాల్లో చాలావాటిని 2016 నుంచి నాలుగేళ్లపాటు ఉన్నచోటే నిలిపివేశారు. ఒక్క పౌండు కూడా కోసినట్టు ఎక్కడా కనిపించదు. కానీ ధరలు పెరిగాయి కనుక, నిలిచిపోయిన ఆ సొమ్ము ఏటా కొంత కరిగింది. ప్రభుత్వ ఇంట్లో అద్దెకున్న పేదలకు ఒక గది అదనంగా ఉందని లెక్కతేలితే అద్దె సహాయం తగ్గించే నిబంధన 2013లో వచ్చింది. తీవ్ర పేదరికంపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధిగా ఉన్న ఫిలిప్ ఆల్‌స్టన్ 2018లో బ్రిటన్ అంతా తిరిగి చూసి, అక్కడి పేదరికం రాజకీయ నిర్ణయాల ఫలితమేనని నిర్మొహమాటంగా తేల్చారు. ఎవరి సహాయం పెంచాలి, ఎవరిది నిలపాలి అన్నది ఖజానా లెక్క ఒక్కటే తేల్చిన విషయం కాదు. ఓటు బలం ఎవరికి ఉందన్నది కూడా అందులో పనిచేసింది.

ఆ రోజుల్లో ఈ విధానానికి పండితుల మద్దతు గట్టిగానే ఉండేది. ప్రభుత్వ అప్పు జాతీయోత్పత్తిలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ 2010లో రాసిన పత్రాన్ని మంత్రులు తరచుగా ఉదహరించేవారు. ఆ లెక్కల పట్టికలో కొన్ని దేశాలు పొరపాటున తప్పిపోయాయని 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, తన అధ్యాపకులతో కలిసి బయటపెట్టారు. ఖర్చు తగ్గిస్తే ఆర్థిక వ్యవస్థకు కలిగే నష్టాన్ని ముందస్తు అంచనాలు తక్కువచేసి చూపాయని అంతర్జాతీయ ద్రవ్యనిధి ప్రధాన ఆర్థికవేత్త ఒలివియర్ బ్లాన్‌షార్ కూడా అదే ఏడాది తన పరిశోధనలో ఒప్పుకున్నారు. అప్పటికే కోతలు పడవలసినవారి మీద పడ్డాయి.

మన దేశంలో ఈ పదం పెద్దగా వినపడదు కానీ చట్టం ఉంది. ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టం పార్లమెంటులో 2003లో ఆమోదం పొందింది, ద్రవ్యలోటు జాతీయోత్పత్తిలో 3 శాతానికి మించరాదన్నది దాని మూలసూత్రం. ఆంధ్రప్రదేశ్ 2005లో తనదైన చట్టం చేసుకుంది. అయితే ఈ నియమం కేంద్రాన్నీ రాష్ట్రాన్నీ ఒకేలా బిగించదు. కేంద్రం తన లక్ష్యాన్ని తానే వాయిదా వేసుకోగలదు; 2025-26 బడ్జెట్‌లో కూడా కేంద్రం చూపిన ద్రవ్యలోటు 4.4 శాతం. రాష్ట్రానికి ఆ వెసులుబాటు లేదు. రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్తగా అప్పు తీసుకోవాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి ఏటా ఒక పరిమితి రూపంలో వస్తుంది. కార్పొరేషన్ల పేరుతో తెచ్చి బడ్జెట్ నుంచి తీర్చే అప్పులను కూడా 2022 నుంచి ఆ పరిమితిలోనే లెక్కిస్తున్నారు. దీనికి తోడు కేంద్రం వసూలు చేసే సెస్సులు, సర్‌ఛార్జీలు రాష్ట్రాలతో పంచుకోవలసిన పన్నుల మొత్తంలోకి రావు. కాబట్టి పన్నుల్లో రాష్ట్రాల వాటాను సిఫారసు చేసే ఆర్థిక సంఘం 41 శాతం అని చెప్పినా, కేంద్రం వసూలు చేసిన ప్రతి వంద రూపాయల్లో రాష్ట్రాలకు చేరేది 41 కంటే తక్కువే. సంక్షేమం మీద జనం అడిగేది రాష్ట్రాన్ని, డబ్బు దారులు బిగించి ఉన్నది కేంద్రం చేతిలో. మన దగ్గర కోత ఏ రూపం తీసుకుంటుందో నిర్ణయించేది ఈ అమరికే.

దీనికి అతి స్పష్టమైన ఉదాహరణ జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం. నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యం, అంగవైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ సహాయం అందాలని రాజ్యాంగం 41వ అధికరణంలో చెప్పింది. ఆ ఆదేశానికి తొలి జాతీయ రూపంగా 1995 ఆగస్టు 15న ఈ కార్యక్రమం మొదలైంది. అప్పుడు కేంద్రం ఇచ్చిన వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. 2006లో దాన్ని 200 చేశారు. 2011లో అర్హత వయసును 65 నుంచి 60కి తగ్గించి, 80 ఏళ్లు దాటినవారికి 500 చేశారు. వితంతువులకూ తీవ్ర వైకల్యం ఉన్నవారికీ 2012లో 300 చేశారు. ఆ తర్వాత ఏమీ జరగలేదు. 60 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న వృద్ధుడికి ఢిల్లీ నుంచి వచ్చేది నేటికీ ఆ 200 రూపాయలే. ఈ మధ్యకాలంలో ధరలు మూడు రెట్ల మేరకు పెరిగాయి కనుక, ఆనాటి లెక్కలో ఆ 200 ఇప్పుడు డెబ్బై రూపాయలకు మించదు. అంటే 1995లో ఇచ్చిన 75 రూపాయలకున్న పాటి విలువ కూడా దానికి లేదు. మొత్తం లబ్ధిదారులు 3.09 కోట్లకు మించకూడదన్న పరిమితి పాత జనాభా లెక్కల, పాత పేదరిక అంచనాల మీద నిలబడి ఉంది, దేశంలో వృద్ధుల సంఖ్య ఎంత పెరిగినా అది కదలదు. 2024-25లో దీనికి కేటాయించిన మొత్తం 9,652 కోట్లు, 2025-26లోనూ 9,652 కోట్లే. గ్రామీణాభివృద్ధిపై పార్లమెంటు స్థాయీ సంఘం ఈ మొత్తాన్ని పెంచాలని మళ్లీ మళ్లీ సిఫారసు చేసింది. ఏ మంత్రీ ఏ సభలోనూ 'వృద్ధుల పింఛను కోస్తున్నాం' అని ప్రకటించలేదు, అలా ప్రకటించవలసిన అవసరమే రాలేదు. అంగన్‌వాడీ కార్యకర్తకు కేంద్రం తన వంతుగా లెక్కగట్టే గౌరవ వేతనం కూడా ఇంతే: 2018 అక్టోబరులో 4,500 చేశారు, అక్కడే ఆగింది.

కేంద్రం వదిలేసిన ఖాళీని రాష్ట్రాలు పూడుస్తూ వచ్చాయి, మన రాష్ట్రం అందరికంటే ఎక్కువగా పూడ్చింది. దాని వెనుక మన జిల్లాకు దగ్గరి చరిత్ర ఉంది. 1983లో ఎన్.టి. రామారావు మొదలుపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యాన్ని, ఖజానా పరిస్థితి బాగాలేదన్న కారణంతో, చంద్రగిరి మండలం నారావారిపల్లెకు చెందిన చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా 1996లో మూడున్నర రూపాయలు చేశారు. తర్వాత ప్రపంచబ్యాంకు రుణంతో ఆర్థిక పునర్వ్యవస్థీకరణ, విద్యుత్ సంస్కరణలు వచ్చాయి, ఛార్జీలు పెరిగాయి, 2000 ఆగస్టులో హైదరాబాద్‌లో ఆ పెంపుపై నిరసన తెలిపినవారి మీద బషీర్‌బాగ్ పోలీసు కాల్పులు జరిగాయి. 2004లో ప్రభుత్వం ఓడిపోయింది. కరవుతో పాటు ఈ బహిరంగ కోతలు కూడా ఆ ఓటమికి కారణమని అన్ని పార్టీలూ నమ్మాయి. తర్వాతి చరిత్ర ఆ నమ్మకం మీదే నడిచింది. బియ్యం ధర 2008లో తిరిగి రెండు రూపాయలకు, 2011లో మన కలికిరి ప్రాంతానికే చెందిన కిరణ్‌కుమార్ రెడ్డి హయాంలో రూపాయికి దిగింది. పింఛను రాజశేఖరరెడ్డి కాలంలో 200 అయింది, 2014లో 1,000, 2019 జనవరిలో 2,000, 2024 జనవరికి 3,000, అదే ఏడాది జూలైలో 4,000 అయింది. ఆ నెల మూడు నెలల పెంపు బకాయితో కలిపి 7,000 ఇచ్చినప్పుడు పల్లెల్లో కనిపించిన సంతోషం నిజమైనది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

కానీ 1996 అనుభవం పార్టీలకు నేర్పింది పొదుపు చేయకూడదని కాదు. అందరికీ కనిపించే అంకెను తాకకూడదని. అరవై లక్షలు దాటిన పింఛనుదారులకు నెలకు సుమారు 2,700 కోట్లు పంచవలసిన ప్రభుత్వం, అప్పు పరిమితి దాటలేక, కేంద్రం వాటా పెరగక, మరోచోట తగ్గించుకోక తప్పని స్థితిలో పడుతుంది. అప్పుడు తగ్గేది పింఛను మొత్తం కాదు, పింఛను పొందే మనిషి. లేదంటే పింఛనులా ఒకటో తేదీన లెక్క అడగని ఇతర పథకాల చెల్లింపు. ఇది ఏ ఒక్క పార్టీకో సంబంధించిన విషయం కాదు, గడచిన పదేళ్లలో మారిన ప్రభుత్వాలన్నిటిలోనూ ఇదే పద్ధతి చూశాం.

మనిషిని తగ్గించే సాధనం అర్హత వడపోత. రాష్ట్రంలో దీన్ని ఆరంచెల పరిశీలన అంటున్నారు. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు పది వేలు, పట్టణంలో పన్నెండు వేలు మించకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు. నెలకు కరెంటు వాడకం 300 యూనిట్లు దాటకూడదు. పట్టణంలో వెయ్యి చదరపు అడుగులకు మించిన కట్టడం ఉండకూడదు. విడివిడిగా చూస్తే ప్రతి నియమమూ న్యాయంగానే కనిపిస్తుంది, ఉన్నవారికి ఎందుకివ్వాలన్న ప్రశ్నకు ఎవరైనా తల ఊపుతారు. చిక్కు ఈ నియమాలను అమలు చేసే తీరులో ఉంది. పరిశీలించేది ఇంటికి వచ్చి చూసే మనిషి కాదు, ఆధార్ సంఖ్యతో ముడిపడిన రకరకాల పట్టికలు. ఆ పట్టికల్లో తప్పు ఎక్కడ దొర్లినా దాని భారం వృద్ధురాలి మీదే పడుతుంది.

తిరుపతి లాంటి అద్దె ఇళ్ల పట్టణంలో ఒకే మీటరు మీద రెండు మూడు కాపురాలు ఉండటం మామూలే. ఆ మీటరుకు ఎవరి ఆధార్ కలిసిందో వారి ఖాతాలో అందరి యూనిట్లూ పడతాయి. మెట్ట భూములున్న పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో తాత పేరు మీద ఉన్న భూమి పంపకాలై ఏళ్లు గడిచినా ప్రభుత్వ భూమి రికార్డుల పట్టికైన వెబ్‌ల్యాండ్‌లో ఒక్కరి పేరిటే నిలిచిపోయి ఉంటుంది. ఇక కుటుంబం అన్న నిర్వచనం మరీ చిక్కైనది. కుప్పం నుంచి బెంగళూరుకు రోజూ రైలెక్కి పనికి పోయే కొడుకు, పేరు వేరుచేయించుకోని బియ్యం కార్డులో తల్లితో పాటే ఉన్నాడనుకుందాం. అతను పాత కారొకటి కొనుక్కుంటే పోయేది తల్లి పింఛను. ఆ కొడుకు తల్లికి నెలకు ఎంత పంపుతున్నాడో, అసలు పంపుతున్నాడో లేదో, ఏ పట్టికా చెప్పదు. ఇంటికి ఒకే పింఛను అన్న నియమం వల్ల భార్యాభర్తలిద్దరూ అరవై దాటినా డబ్బు ఒకరికే వస్తుంది. ఎక్కువ ఇళ్లలో అది భర్త పేరునే మంజూరై ఉంటుంది. రాష్ట్రం అట్టహాసంగా ప్రకటించే 4,000 రూపాయలు చాలా ఇళ్లలో ఇద్దరు ముసలివాళ్లకు చెరి రెండు వేలు అన్నమాట. భర్త కన్నుమూస్తే భార్యకు బదిలీ అయ్యే స్పౌజ్ పింఛను 2024 నవంబరు నుంచి అమలులోకి రావడం మంచి మార్పే. కానీ ఆమె బతికి ఉన్న భర్త పక్కన కూర్చున్నంతకాలం ఆమెకంటూ హక్కు లేదన్న మాట దానిలో దాగి ఉంది.

దివ్యాంగుల విషయంలో వడపోత మరింత కఠినంగా పడింది. అనర్హులు తప్పుడు సదరం పత్రాలతో పింఛను పొందుతున్నారన్న ఫిర్యాదుల మీద ప్రభుత్వం పునఃపరిశీలన చేపట్టింది. 2025 ఆగస్టులో రాష్ట్రమంతటా పెద్ద సంఖ్యలో నోటీసులు వెళ్లాయి. వైకల్యం 40 శాతం కంటే తగ్గిందనీ, లేదా తాత్కాలికమైనదనీ వాటి సారాంశం. కలెక్టరేట్ల ముందు ఆందోళనలు జరిగాక, అప్పీలు చేసుకున్నవారికి తీర్పు వచ్చేవరకు పింఛను కొనసాగిస్తామని ప్రభుత్వం చెప్పింది. మోసం జరగడం లేదని నేను అనడం లేదు, జరిగింది, దళారులూ ఉన్నారు. అయితే మోసాన్ని పట్టుకోవడానికి అందరినీ అనుమానితులుగా నిలబెట్టి, పోలియో కాలుతో పాతికేళ్లుగా నడుస్తున్న మనిషిని మళ్లీ ఆసుపత్రికి తిప్పి రుజువు అడిగే పద్ధతిలో, అర్హుడు పడే శ్రమ మోసగాడు పడే శ్రమ కంటే ఎక్కువ. మోసగాడికి దారి చూపే మనుషులుంటారు. పలమనేరు అవతల అడవి అంచు పల్లెలో ఉన్న దివ్యాంగుడికి చిత్తూరు ఆసుపత్రికి రావడానికి ఆటో ఖర్చూ, తోడొచ్చే మనిషి కూలీ పోగా ఏమీ మిగలదు. అప్పీలు గడువు తెలియక ఊరుకున్నవారు ప్రభుత్వ లెక్కల్లో అనర్హులుగానే మిగిలిపోతారు, ఆదా అయిన సొమ్ములో వారి వంతూ కలిసిపోతుంది.

వడపోత లోపలున్నవారిని బయటకు పంపుతుంది. బయటున్నవారిని లోపలికి రానివ్వకుండా ఆపేది మంజూరు నిలుపుదల. కొత్తగా అరవై నిండినవారి దరఖాస్తులను తీసుకోకుండా ఒక ఏడాది ఆపితే, ఆ ఏడాదిలో మరణించిన పింఛనుదారుల వల్ల జాబితా దానంతటదే తగ్గుతుంది. 2024 జూన్ తర్వాత చాలాకాలం స్పౌజ్ పింఛన్లు తప్ప కొత్త మంజూరుల మాట వినపడకపోవడాన్ని ఈ వెలుగులోనే చూడాలి. పొదుపు విధానాలన్నిటిలో నాకు అతి బాధాకరంగా తోచేది ఇదే. తొలగించినవారికి కనీసం ఒక నోటీసు వస్తుంది, అర్జీ పెట్టుకోవడానికి ఒక కాగితం ఉంటుంది; అసలు చేర్చనివారికి అదీ లేదు.

ఇతర పథకాల మీద పడే ఒత్తిడి బకాయిల రూపంలో కనిపిస్తుంది. తిరుపతి చదువుల ఊరు, రాయలసీమ నలుమూలల నుంచి పిల్లలు ఇక్కడి ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలలకు వస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ విడుదల ఆలస్యమైతే కళాశాల సర్టిఫికెట్లు ఇవ్వనంటుంది, తండ్రి వడ్డీకి తెచ్చి కడతాడు. తర్వాత ఎప్పుడో ప్రభుత్వ సొమ్ము వచ్చినా వడ్డీ మాత్రం ఆ ఇంటిదే. ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రులు కూడా బకాయిలు తీరలేదని 2024లోనూ 2025లోనూ సేవలు ఆపాయి. పథకం కాగితం మీద ఎక్కడికీ పోలేదు, చికిత్స మాత్రం ఆ రోజుల్లో దొరకలేదు. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేశారు. అప్పుడు వారి వేతనాలు 11,500, 7,000 రూపాయలు. వారి మీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించారు. అత్యవసర సేవకులని చట్టం చేత అనిపించి, కనీస వేతనం మాత్రం ఇవ్వలేమనడం పొదుపు విధానాల్లో తరచుగా కనిపించే వైరుధ్యం. ఆ సమ్మె రోజుల్లో మూతపడిన కేంద్రాల పిల్లల తిండి, కాపలా ఎవరి మీద పడ్డాయంటే, కూలి మానుకున్న తల్లుల మీద, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మల మీద. ప్రభుత్వం తగ్గించుకున్న ప్రతి సేవా ఇంట్లో ఆడవాళ్ల లెక్కలేని పనిగా మారుతుంది, ఏ బడ్జెట్ పత్రంలోనూ అది ఖర్చుగా కనిపించదు.

ఉపాధి హామీ కథ వేరు. 2006 ఫిబ్రవరిలో పొరుగున ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకంలో తొలి విడతలోనే చిత్తూరు జిల్లా ఉంది. అడిగినవారికి పని చూపాలి, ఎంతమంది అడిగితే అంత డబ్బు కేంద్రం ఇవ్వాలి అన్నది ఆ చట్టం ప్రాణం. 2025 డిసెంబరు వరకు ఈ హక్కును మాటల్లో ఎవరూ రద్దు చేయలేదు. కరోనా ఏడాది లక్షా పదకొండు వేల కోట్లు ఖర్చయిన పథకానికి 2023-24 బడ్జెట్‌లో 60,000 కోట్లే చూపారు. డబ్బు అయిపోయినప్పుడల్లా కూలి ఆలస్యమైంది. 2023 జనవరి నుంచి పని చోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరైంది, 2024 జనవరి నుంచి ఆధార్‌తో ముడిపడిన చెల్లింపు తప్పనిసరైంది. సిగ్నల్ లేని కొండ పక్కన కందకం తవ్వినవారికి ఫొటో ఎక్కకపోతే ఆ పూట మస్టరు లేనట్టే. 2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో వీబీ జీ రామ్ జీ (వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ గ్రామీణ్) చట్టాన్ని తెచ్చింది. పని దినాలు వంద నుంచి నూట ఇరవై ఐదు అయ్యాయని ముఖ్యంగా ప్రచారమైంది. దానికి మించిన మార్పు మరో రెండు చోట్ల ఉంది: ఇంతవరకు కూలి మొత్తం భరించిన కేంద్రం ఇకపై అరవై శాతమే ఇస్తుంది, నలభై శాతం రాష్ట్రం పెట్టుకోవాలి, ప్రతి రాష్ట్రానికీ ఒక కేటాయింపు ముందుగానే నిర్ణయమవుతుంది, అది దాటితే అదనపు ఖర్చు రాష్ట్రానిదే. దినాలు పెంచుతూనే డబ్బుకు గోడ కట్టడం, ప్రకటించని కోత ఎలా ఉంటుందో చూపే తాజా ఉదాహరణ.

మా ఊరి విషయంలో తరచుగా వినిపించే ఒక మాటను ఇక్కడ పట్టించుకోవాలి. తిరుమలలో 1985 నుంచి నిత్యాన్నదానం ఉంది, పట్టణంలో ఐదు రూపాయల అన్న క్యాంటీన్లు ఉన్నాయి, ఏడుకొండలవాడి నీడలో ఎవరూ పస్తుండరు అని. ఆ అన్నదానం గొప్పతనం గురించి సందేహం లేదు, దిక్కులేని వృద్ధులు ఎందరో ఆ ముద్ద మీదే బతుకుతున్నారు. కానీ దానానికీ హక్కుకూ తేడా ఉంది. కార్డూ చిరునామా లేక గోవిందరాజస్వామి ఆలయ పరిసరాల్లో రాత్రులు గడిపే ముసలివారికి అన్నం దొరుకుతుంది. మందులకు, అద్దెకు, మనవడి చేతిలో పెట్టడానికి పది రూపాయలు దొరకవు. అన్న క్యాంటీన్లే 2019లో మూతపడి 2024 ఆగస్టులో తెరుచుకున్నాయి. ఆ మధ్య ఐదేళ్లూ అక్కడ తినేవారికి ఎవరినీ అడిగే వీలు లేకపోయింది. ప్రభుత్వ సహాయం పౌరుడి హక్కుగా కాక ఇచ్చేవారి దయగా మారడం పొదుపు విధానాలు మనసుల్లో చేసే పని. 'ఉచితాలు' అన్న మాట 2022 నుంచి జాతీయ చర్చలో బలపడ్డాక, పింఛను తీసుకునే అవ్వ కూడా తాను ఏదో తప్పుచేస్తున్నట్టు తల దించుకునే పరిస్థితి వచ్చింది.

ఖజానా గురించి ఆందోళన పడేవారి వాదనలో నిజం లేకపోలేదు. రాష్ట్రం తెచ్చే అప్పులో పెద్ద భాగం పాత అప్పుల వడ్డీకే పోతే రేపటి పింఛనుకే ప్రమాదం. రోడ్లు, సాగునీరు పక్కనబెట్టి అంతా నగదుగా పంచితే ఉపాధి పెరగదు. వీటితో నాకు తగువు లేదు. నా అభ్యంతరమల్లా, తగ్గించుకోవలసి వచ్చినప్పుడు ముందుగా ఎవరి వంతు వస్తుందన్న దాని మీద. 2019 సెప్టెంబరులో కార్పొరేట్ పన్ను రేటును కేంద్రం 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు, దానివల్ల ఏటా లక్షా నలభై ఐదు వేల కోట్ల ఆదాయం తగ్గుతుందని ప్రభుత్వమే అంచనా వేసింది. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొత్తానికి ఏటా ఇస్తున్న 9,652 కోట్ల పక్కన ఆ అంకెను పెట్టి చూస్తే, 200 రూపాయలను పెంచకపోవడానికి డబ్బు లేకపోవడమే కారణమని ఎవరూ అనలేరు. పైగా పేదల చేతికి వెళ్లిన డబ్బు దాచిపెట్టే డబ్బు కాదు. ఒకటో తేదీన వచ్చిన పింఛను రెండో వారం దాటకముందే ఊరి కిరాణా కొట్టులో, మందుల షాపులో, సంతలో తిరిగి వ్యాపారంగా మారుతుంది. మామిడి ధర పడిపోయిన ఏడాది చిత్తూరు పల్లెల్లో కొట్లు నడిచింది చాలావరకు ఈ డబ్బుతోనే.

ఇలాంటి కోతలను అడ్డుకునే మార్గాలు దేశంలోనే ఉన్నాయి. రాజస్థాన్ 2023లో చేసిన కనీస ఆదాయ హామీ చట్టంలో సామాజిక పింఛను ఏటా 15 శాతం దానంతటదే పెరగాలని రాశారు. పెంపు ఎన్నికల వాగ్దానంగా కాక చట్టంగా ఉంటే, ఐదేళ్లకోసారి దానికోసం ఓటరు ఎదురుచూడనక్కరలేదు. మన రాష్ట్రంలో 4,000 కూడా ధరలతో ముడిపడలేదు, ఉన్నచోటే పదేళ్లు ఉంటే అది కూడా ఢిల్లీ 200 దారినే పోతుంది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు వృద్ధాప్య పింఛను ప్రతి నెలా ఏడో తేదీలోపు చెల్లించాలని చెప్పింది. చెల్లింపు తేదీకి కోర్టు ఇచ్చినంత విలువ మంజూరు తేదీకి కూడా ఉండాలి: వయసు నిండినవారు దరఖాస్తు చేసిన ఇన్ని రోజుల్లో నిర్ణయం రావాలి, రాకపోతే ఆ రోజు నుంచే బకాయి లెక్కకట్టాలి. తొలగింపుల విషయంలో మన రాష్ట్రానికి స్వంత అనుభవమే ఉంది. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని దేశానికి నేర్పింది ఆంధ్రప్రదేశే, 2009లో దానికోసం ప్రత్యేక సంస్థను కూడా ఏర్పాటు చేసింది. ఆ పద్ధతిలోనే పింఛను తొలగింపుల జాబితాను, ప్రతి పేరుకూ ఎదురుగా ఏ పట్టిక ప్రకారం తొలగించారో రాసి, గ్రామసభలో చదివి, అభ్యంతరం చెప్పినవారి విషయంలో ఇంటికి వెళ్లి చూశాకే పింఛను ఆపాలి. కరెంటు మీటరు తప్పును సరిచేయించే బాధ్యత సచివాలయానిదే కావాలి. రుజువు భారం ఎనభై ఏళ్ల మనిషి మీద ఉండకూడదు.

పదహారవ ఆర్థిక సంఘం కాలం మొదలయ్యేది 2026 ఏప్రిల్ నుంచి, ఉపాధి చట్టంలో కొత్తగా వచ్చిపడిన నలభై శాతం వాటాను రాష్ట్రం ఇకపై ప్రతి బడ్జెట్‌లోనూ చూపవలసి ఉంటుంది. ఆ సొమ్ము ఏ పద్దులోంచి వచ్చిందో, ఆ పద్దులో నిరుడు ఎంత ఉండేదో, పింఛను జాబితాలో ఈ ఏడాది ఎంతమంది తగ్గారో, కొత్తగా ఎంతమంది చేరారో, ఈ నాలుగు అంకెలను జిల్లా ఎమ్మెల్యేలు శాసనసభలో అడిగి రాబట్టాలి. వాటిని మండలాల వారీగా ప్రచురించమని ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టడానికి ఎవరికైనా హక్కుంది.